కాదనలేని పంతులుగారు

తాడేపల్లిగూడెంలో రైలు పట్టాలకి ఇవతల వీధిలో నరసింహమూర్తి అని ఒక పురోహితుడున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. గొంతు బాగుంటుంది, మంత్రం తప్పు పోదు. ఊళ్ళో ఆయనకి శత్రువనేవాడు లేడు. ఎలా ఉంటాడు? శత్రువు పుట్టాలంటే ఎవరినో ఒకరిని ఒక్కసారైనా కాదనాలి కదా! ముప్ఫై అయిదేళ్ళ వైదికంలో ఆయన నోట "అలాగేనండీ" తప్ప ఇంకో జవాబు విన్నవాళ్ళు లేరు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే ముతక సామెత ఒకటుంది. పంతులుగారి కథ కనక సగంలో ఆపుతున్నాను, మిగతా సగం మీకు తెలుసు.

ఒక మాఘమాసంలో ఒకే లగ్నానికి మూడు గృహప్రవేశాలు ఒప్పుకున్నాడీయన. గూడెంలో రెండు, పెంటపాడులో ఒకటి. "అదెలా కుదురుతుందండీ?" అని భార్య ఉమాకుమారి అడిగింది. "వాళ్ళు అంత ఇదిగా అడుగుతుంటే కాదని ఎలా అంటాను ఉమా?" అన్నాడు. మొదటి ఇంట్లో పాలు పొంగించి, మధ్యలో లేచి స్కూటరెక్కాడు. రెండో ఇంటికి చేరేసరికి ఆ ఇంటావిడ విసిగిపోయి పాలు తనే పొంగించేసుకుంది, అవి చల్లారి మీగడ కూడా కట్టాయి. పెంటపాడులో గుమ్మడికాయ పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డ ఇంటాయన చేతులు లాగేసి, కాయ కింద పెట్టి దానిమీదే కూర్చున్నాడు. ముగ్గురినీ సంతోషపెడదామని బయల్దేరిన మనిషి ముగ్గురి చేతా సమానంగా తిట్లు తిన్నాడు. పోనీ బుద్ధొచ్చిందా అంటే, అదీ లేదు.

అంతకన్నా పెద్ద తప్పు పోయిన ఏడాది జరిగింది. ఆయన తండ్రిగారి ఆబ్దికం, ఉంగుటూరులో ఒక యజమాని తండ్రి ఆబ్దికం ఒకే తిథినాడు పడ్డాయి. ఆ యజమాని ఫోన్ చేసి "మీరు తప్ప మాకెవరున్నారండీ" అన్నాడు. అంతే, వెళ్ళాడు. తిరిగి ఇల్లు చేరేసరికి అపరాహ్ణం దాటిపోయింది. ఊరందరి తండ్రులకీ వేళకి పిండాలు పెట్టించే మనిషి సొంత తండ్రికి పొద్దు వాలాక పెట్టాడు. అప్పటిదాకా ఉమాకుమారి పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా మడిబట్టతో పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఒక్క మాట అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే క్షమించేసిందనుకున్నాడు. మగవాళ్ళు మామూలుగా చేసే పొరపాటే అది.

ఆ ఉమాకుమారికి గర్భసంచిలో గడ్డలున్నాయి. నెలలో పది రోజులు నెత్తురు పోతుంది. ఒంట్లో రక్తం ఏడుకి దిగిపోయింది, మెట్టెక్కితే ఆయాసం. ఏలూరులో డాక్టరమ్మ ఆపరేషన్ చెయ్యాలని చెప్పి ఏడాదిన్నరైంది. మూడుసార్లు రోజు పెట్టుకున్నారు. మొదటిసారి శ్రావణమాసం నోములొచ్చాయి, రెండోసారి కార్తీకం వ్రతాలొచ్చాయి. మూడోసారి రైలు టిక్కెట్టు చేతిలో పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా కామవరపుకోట నుంచి ఫోనొచ్చింది. ఎవరిదో శంకుస్థాపన, వాళ్ళ పంతులుగారికి జ్వరమట. "అలాగేనండీ" అన్నాడు ఈయన. ఉమాకుమారి సంచీ తీసుకుని ఇంటికి నడిచింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అలాంటి పల్లకీ ఇది.

నాలుగోసారి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "ఇంక వాయిదా వేస్తే నేను పూచీ పడనండి. మాఘమాసం రెండో గురువారం రండి." ముహూర్తాల రోజులు. గూడెంలో ప్రతి ఫంక్షన్ హాలూ నిండిపోయే రోజులు. ఆ గురువారం పంతులుగారు ఏలూరులో భార్య పక్కన ఉంటాడా, ఎవరి ఇంట్లోనో పాలు పొంగిస్తూ ఉంటాడా? వీధిలో అందరికీ వచ్చిన అనుమానమే. పక్కింటి సలోమి టీచరైతే అనుమానం కూడా పడలేదు. ఉండడనే అనుకుంది. సలోమి మునిసిపల్ స్కూల్లో పనిచేసి పోయిన ఏడాది రిటైరయింది. ఆదివారం చర్చికి వెళ్తూ కూడా ప్రహరీ దగ్గర ఆగి ఉమాకుమారిని "ఎలా ఉందండీ ఇవాళ?" అని అడగకుండా కదలదు.

పుష్యమాసం చివర్లో ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీ నుంచి పిలుపొచ్చింది, కొత్త కంప్యూటర్లు దిగాయి, పూజ చెయ్యాలని. శూన్యమాసంలో పూజేమిటండీ అని గొంతుదాకా వచ్చింది. బయటికి మాత్రం "అలాగేనండీ" అని వచ్చింది. పూజ ముగించుకుని చెప్పులేసుకుంటుంటే ఆఫీసు గుమాస్తా గంగరాజు చెయ్యి పట్టుకున్నాడు.

"పంతులుగారండీ, పక్క హాల్లో ప్రోగ్రాం ఉందండి. ముందు వరస ఖాళీగా ఉంటే ప్రిన్సిపాల్ గారు మామీద పడతారండి. ఒక్క గంట కూర్చుందురూ!"

కూర్చున్నాడు. వేదిక మీద బ్యానర్లో 'మైండ్‌ఫుల్‌నెస్' అని పెద్ద అక్షరాలున్నాయి. కాదనలేని జబ్బుకి మందు చెప్పే క్లాసులోకి కాదనలేకే వచ్చి కూర్చున్నవాడు ఈ జిల్లా మొత్తమ్మీద ఆయనొక్కడే అయివుంటాడు.

చెప్పే అమ్మాయి పేరు క్రిస్టినా. ఏలూరు పిల్ల, ముప్ఫై ఏళ్ళుంటాయి. మైకు లేకుండా మాట్లాడింది.

"మనల్ని ఎవరైనా ఏదైనా అడగ్గానే జవాబు చెప్పెయ్యకండి. మూడుసార్లు ఊపిరి తీసి వదలండి. ఆ కాసేపూ ఒంట్లో ఎక్కడ బిగుసుకుంటోందో చూడండి. దాన్ని సరిచెయ్యక్కర్లేదు, తిట్టుకోనక్కర్లేదు. ఊరికే చూడండి. ఆ తర్వాత చెప్పండి, అవునో కాదో."

పంతులుగారికి నవ్వొచ్చింది. ముక్కు పట్టుకోవడం మాకు నేర్పుతావా తల్లీ, అనుకున్నాడు. ఎనిమిదో ఏట ఒడుగైంది మొదలు ఇవాళ్టిదాకా పూటపూటా సంధ్యావందనం, ప్రాణాయామం. ఆ నవ్వు క్రిస్టినా కంటపడింది.

"మీరు రోజూ ప్రాణాయామం చేస్తారు కదండీ?"

"చేస్తానమ్మా. యాభై ఏళ్ళబట్టీ."

"ఊపిరి బిగబట్టినప్పుడు మనసెక్కడుంటుందండీ మీకు?"

ఇప్పుడే పూజ చేసి వచ్చిన నోటితో అబద్ధం ఆడలేకపోయాడు. "సెల్‌ఫోన్లో ఉంటుందమ్మా" అన్నాడు. హాలంతా గొల్లుమంది. క్రిస్టినా నవ్వలేదు. "చాలామందికి అక్కడే ఉంటుందండి. ఉందని తెలిసింది కదా, అది చాలు ఇవాళ్టికి" అంది.

మర్నాడు పొద్దున్న పీట మీద కూర్చుని ముక్కు పట్టుకున్నాడు. యాభై ఏళ్ళుగా పట్టుకుంటున్న ముక్కే. కాకపోతే ఆ రోజు మనసు ఎక్కడికి పోతుందా అని వెనకాలే వెళ్ళి చూశాడు. అబ్బో, ఎంత దూరం పోయిందండీ అది! ఎవరి ఇంటికి ఆలస్యమవుతుంది, ఎవరు మొహం ముడుచుకుంటారు, ఎవరు పోయిన నెల నమస్కారం పెట్టలేదు. దేవుడి ముందు కూర్చుని మనుషుల మొహాలు లెక్కపెడుతున్నాడు. అంతలో ఫోన్ మోగింది. మోగీ మోగగానే బొడ్డుకి పైన ఎవరో పిడికిట్లో పట్టి నలిపినట్టయింది. కొత్తదేం కాదు ఆ నొప్పి. గ్యాసనుకుని ముప్ఫై ఏళ్ళుగా దానికి వాము నీళ్ళు తాగుతున్నాడు. గ్యాసు కాదు, భయం అని ఆ పూటే తెలిసింది.

భయం ఎక్కడిదో కూడా ఆయనకి తెలుసు. "యజమాని మొహం మాడితే మన పొయ్యి మాడుతుందిరా" అని తండ్రి చెప్పి చెప్పి పెంచాడు. ఆ రోజుల్లో అది నిజమే. సంభావన బియ్యంతో బతికిన ఇల్లు. ఇప్పుడు సొంత ఇల్లుంది, స్కూటరుంది, ఆయన కోసం ముహూర్తాలు వెనక్కి జరుపుకునేవాళ్ళున్నారు. రోజులు మారాయి కానీ భయానికి ఆ కబురు అందలేదు.

ఇక అంతా సర్దుకుందనుకుంటున్నారా? మొదటి వారమంతా చూడ్డంతోనే సరిపోయింది. ఎవరో ఏదో అడిగేవారు. కడుపులో ఆ పిడికిలి బిగుసుకునేది. బిగుసుకుందని చూసేవాడు. బుద్ధిగా మూడు ఊపిర్లు తీసేవాడు. తీసి, శుభ్రంగా "అలాగేనండీ" అనేవాడు. మందు వేసుకుని మరీ జబ్బు పడ్డట్టుగా ఉండేది వ్యవహారం.

ఆయన మొదటిసారి కాదన్నది ఒక కాఫీని. గంగాభవాని గారింట్లో సత్యనారాయణ వ్రతం. అప్పటికి నాలుగిళ్ళలో నాలుగు కాఫీలయ్యాయి. ఆవిడ పొగలు కక్కే గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. ఈయన ఊపిరి తీసి, వదిలి, తీసి, వదిలి, "వద్దమ్మా" అన్నాడు. అని, చావు కబురు చెప్పినవాడిలా ఆవిడ మొహంలోకి చూశాడు. "అలాగేనండి" అని ఆవిడ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. భూమి బద్దలవలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఆ కాఫీ తనే తాగేసింది. పంతులుగారికి మాత్రం వీధి మలుపు తిరిగేదాకా చెమటలు ఆరలేదు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు, పరీక్ష పాసైన పిల్లాడిలా.

"కాఫీ వద్దన్నారా?" అంది ఉమాకుమారి. ఆవిడ మందుల చీటీలు సంచీలో సర్దుకుంటోంది.

"ఈ గురువారం నీ పక్కనే ఉంటాను ఉమా. ఎవరేమన్నా సరే."

"సరేలెండి" అంది.

మంగళవారం పది గంటలకి జగ్గారావు ఫోన్ చేశాడు. ముదినేపల్లి అవతల చేపల చెరువులున్న ఆసామి. మాట నెమ్మది, మనిషి మంచివాడు. అక్కడే వచ్చింది చిక్కు. మూడేళ్ళ కిందట పంతులుగారి తండ్రికి పక్షవాతం కొడితే వర్షంలో కారు పంపించి ఏలూరు ఆసుపత్రికి చేర్పించింది ఆ జగ్గారావే. తండ్రి దక్కలేదు కానీ ఆ మేలు మరిచిపోయేది కాదు.

"పంతులుగారండీ, నమస్కారమండి. మా అబ్బాయి కొత్తింటి గృహప్రవేశం ఈ గురువారం పెట్టేసుకున్నామండి. మా బావమరిదికి ఆ రోజే సెలవు దొరికింది. తిథి కూడా బాగుందని క్యాలెండర్లో చూశామండి. రేపు సాయంత్రానికి కారు పంపిస్తాను, మీరు వచ్చెయ్యండి."

కడుపులో పిడికిలి ఎప్పుడూ లేనంత గట్టిగా బిగుసుకుంది. ఊపిరి తీశాడు. ఆ కారు వెనక సీట్లో తన ఒళ్ళో పెట్టుకున్న తండ్రి తల గుర్తొచ్చింది. వదిలాడు. ఇంత మేలు చేసిన మనిషిని కాదంటే నువ్వొక మనిషివా అని లోపల ఎవరో అన్నారు. ఆ మాటని కూడా చూశాడు. మళ్ళీ తీశాడు. వంటింట్లో అప్పటిదాకా వినిపిస్తున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఉమాకుమారి వింటోంది.

"పంతులుగారూ? లైన్లో ఉన్నారాండీ?"

"ఉన్నానండి. గురువారం నేను రాలేనండి."

అనేశాడు. అన్నాక ఏడెనిమిది కారణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నాలిక చివరికి వచ్చాయి. పళ్ళు బిగించి ఆపుకున్నాడు.

"అలాగాండీ? సరే, దానికేముందండీ. కైకలూరు శాస్త్రిగారిని పిలుచుకుంటాం. చెరువులో మేత వేయిస్తున్నానండి, ఉంటాను మరి."

ఫోన్ పెట్టేశాడు జగ్గారావు. అంతా కలిపి నిమిషం పట్టలేదు.

పంతులుగారు కుర్చీలో అలాగే కూర్చుండిపోయాడు. ముందు ప్రాణం తేలికపడింది. ఆ వెనకే కోపం వచ్చింది. దానికేముందండీ? అంతేనా? తను లేకపోతే జగ్గారావింట్లో పాలు పొంగవనుకున్నాడే! రెండు మాటల్లో కైకలూరాయన దొరికేశాడే! ఆ కోపం దిగాక మిగిలింది చూసుకున్నాడు. శ్రావణమాసం వాళ్ళకీ ఎవరో ఒకరు దొరికేవారే. కార్తీకం వాళ్ళకీ, కామవరపుకోట వాళ్ళకీ దొరికేవారే. ఏడాదిన్నర పాటు ఉమ ఒంట్లోంచి పోయిన నెత్తురు ఎవరికీ అక్కర్లేకుండానే పోయింది.

లేచి వంటింట్లోకి వెళ్ళాడు. "జగ్గారావుగారికి రానని చెప్పేశాను" అన్నాడు.

"విన్నానండి" అంది ఉమాకుమారి. ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు నిలబడ్డాడు. ఆవిడ పోపు వేసుకుంటోంది.

గురువారం పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళారు. సలోమి టీచరు కూడా ఒక సంచీతో వచ్చింది. సాగనంపడానికి వచ్చిందనుకున్నాడు పంతులుగారు. రైలు రాగానే ఆవిడ ముందుగా ఎక్కి ఉమాకుమారికి చెయ్యందించింది. పోనీలే, తోడుగా వస్తోంది కాబోలనుకున్నాడు. ఏలూరు చేరేదాకా ఆడవాళ్ళిద్దరూ కిటికీ పక్కన ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆసుపత్రిలో కాగితాలు రాస్తున్న నర్సు తలెత్తకుండా అడిగింది.

"పేషెంట్ దగ్గర అయిదు రోజులూ ఒక్కళ్ళే ఉండాలండి. ఎవరుంటారు? పేరు చెప్పండి."

"నేనమ్మా, భర్తని. రాసుకో, నరసింహమూర్తి" అన్నాడు పంతులుగారు ముందుకి జరిగి.

"సలోమి గారుంటారండి" అంది ఉమాకుమారి.

నర్సు పెన్ను ఆపింది. పంతులుగారు జేబులోంచి ఫోన్ తీశాడు. "ఇదిగో ఉమా, ఆపేశాను చూడు. పొద్దుట్నుంచీ ఆపేసే ఉంది."

"చూశానండి. సంతోషం."

"మరింకేం?"

"అయిదు రోజులండి" అంది ఉమాకుమారి. గొంతు పెంచలేదు. "మీరు పక్కనుంటే, ఎవరు ఎప్పుడు పిలుస్తారో, మీరు వెళ్తారో ఉంటారో అని మంచం మీద పడుకుని నేను మీ మొహం కనిపెట్టుకుని ఉండాలి. నాకు ఓపిక లేదండి. ఈ అయిదు రోజులూ నన్ను నిశ్చింతగా పడుకోనివ్వండి. సలోమి గారిని పోయిన వారమే అడిగాను. వస్తానన్నారు, వచ్చారు."

ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని కాదనడం ఇదే మొదటిసారి. ఆ మాట అనడానికి ఆవిడకి ఎన్ని ఊపిర్లు పట్టాయో ఎవరికి తెలుసు!

పంతులుగారి కడుపులో పిడికిలి బిగుసుకుంది. ఈసారి అడిగినవాళ్ళెవరూ లేరు, ఆయన్ని ఎవరూ ఏమీ చెయ్యమనలేదు. అయినా బిగుసుకుంది. ఊపిరి తీసి దానికేసి చూశాడు. చూస్తే సిగ్గేసింది. ఉమ పక్కన ఉండాలనే వచ్చాడు, నిజమే. కానీ "ఎంత మంచివారండీ" అని ఆవిడ చేత అనిపించుకోవాలని కూడా వచ్చాడు. జగ్గారావు వంతు అయిపోయింది, ఇప్పుడు ఇంటావిడ చేత మెప్పు కావలసివచ్చింది. ఇంకొక్క మాట బతిమాలితే, కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఉమ ఒప్పేసుకుంటుంది. ఆయన కోసం ఆవిడ ఎప్పుడూ ఒప్పుకునేదే. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. నాలిక దాకా వచ్చిన ఆ మాటని అక్కడే ఆపేశాడు.

"సలోమి గారి పేరే రాసుకోమ్మా" అన్నాడు నర్సుతో.

పదకొండింటికి ఉమాకుమారిని లోపలికి తీసుకెళ్ళారు. బయట వరండాలో ఇనప కుర్చీల్లో ఈ చివర పంతులుగారు, ఆ చివర సలోమి టీచరు. ఆవిడ బైబిల్ తెరిచి పెట్టుకుంది కానీ పేజీ తిప్పలేదు. ఈయన జపం చేద్దామనుకున్నాడు. కుదరలేదు. ఉమకి ఏమైనా అయితే అన్న భయం తప్ప ఒంట్లో ఇంకేమీ లేదు. ఆ భయంతోనే కూర్చున్నాడు.

ఒంటిగంట దాటాక తలుపు తెరుచుకుంది.

"ఉమాకుమారి గారి తాలూకు ఎవరండీ?"

ఇద్దరూ ఒక్కసారే లేచారు. సలోమి టీచరు ఆయన వంక చూసి ఆగింది. "మీరు వెళ్ళండి పంతులుగారూ. నేను తర్వాత వెళ్తాను."

"తను అడిగింది మిమ్మల్నమ్మా. మీరే వెళ్ళండి."

ఆవిడ లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. నరసింహమూర్తి మళ్ళీ కుర్చీలో కూర్చుని, ఉత్తరీయం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. వరండాలో నలుగురూ చూస్తున్నారు. చూడనీ అనుకున్నాడు.

పావుగంట తర్వాత సలోమి టీచరు వచ్చింది.

"బాగానే అయిందటండి. మాట్లాడుతోంది. మంచినీళ్ళు కావాలంది, ఇప్పుడే ఇవ్వకూడదన్నారు."

"నేనిక్కడే ఉన్నానని చెప్పారాండీ?"

"చెప్పానండి" అంది సలోమి. "ఎంతసేపుంటారో కనుక్కోమందండి."